రాజీ మెయిల్‌పై ‘గోప్యం’ అని ఉంటే లేబర్ కోర్టుకు చూపించకూడదా?

మెట్రో ప్రయాణికుడు:
మా మిత్రుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. శుక్రవారం సాయంత్రం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, రాజీనామా ఇస్తే మూడు నెలల జీతం, లేదంటే తొలగింపు అన్నారు. రాత్రికి అదే మాట మెయిల్‌లో వచ్చింది. పైన ‘వితౌట్ ప్రెజుడిస్, గోప్యం’ అని ఉంది; అంటే ఈ మాటలను తరువాత సాక్ష్యంగా వాడకూడదని. గడువు సోమవారం ఉదయం పది గంటలు. భయపడి రాజీనామా పంపాడు. ఇప్పుడు కంపెనీ, తనంతట తానే మానేశాడంటోంది. ఆ మెయిల్ కోర్టులో పెట్టవచ్చా?

నల్లకోటు:
పెట్టకూడదనే నా అభిప్రాయం. పాత సాక్ష్య చట్టంలో 23వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 21వ సెక్షన్ చెప్పేది ఇదే: సివిల్ వ్యవహారాల్లో, సాక్ష్యంగా వాడకూడదన్న షరతుతో చేసిన ఒప్పుకోలు చెల్లదు. షరతు రాసి లేకపోయినా, పరిస్థితులను బట్టి ఇరుపక్షాలూ అలాగే అనుకున్నాయని కోర్టు భావించవచ్చు. ఈ రక్షణ తీసేస్తే ఏ యజమానీ రాజీ అంకె కాగితం మీద పెట్టడు. అప్పుడు నష్టపోయేది ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఉద్యోగే.

పాత యూనియన్ మనిషి:
నల్లకోటు గారూ, చట్టం కాపాడేది ఒప్పుకోలును. బెదిరింపును కూడానా? పైగా లేబర్ కోర్టు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించాలని లేదు.

మా ఫ్యాక్టరీ రోజుల్లో రాజీ అంటే లేబర్ అధికారి ఎదుట సంతకాలు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 18(3) ప్రకారం ఆ ఒప్పందం తరువాత చేరినవాడికి కూడా వర్తించేది. ఎవరికి ఎంత దక్కిందో అందరికీ తెలిసేది. ఇప్పుడు పదిమందిని పది గదుల్లోకి పిలిచి, పదిమందికీ ‘ఎవరికీ చెప్పవద్దు’ అంటున్నారు. పక్కవాడికి ఆరు నెలల జీతం ఇచ్చారని తెలిస్తే మూడు నెలలకు ఎవరు ఒప్పుకుంటారు? గోప్యత వల్ల లాభం ఎవరికో వేరే చెప్పాలా!

థేమ్స్ తెలుగు:
ఇక్కడ బ్రిటన్‌లో ఈ గొడవ ఎప్పుడో వచ్చింది. 2004లో బీఎన్‌పీ పారిబా బ్యాంకు కేసులో, ప్రసూతి సెలవు తరువాత తిరిగి వచ్చిన ఉద్యోగినికి ‘వితౌట్ ప్రెజుడిస్’ అని చెప్పి, ఉద్యోగం వదిలేస్తే డబ్బిస్తామన్నారు. అప్పటికి ఇరువురి మధ్య వివాదమే లేదు, ఆ మాటలు సాక్ష్యంగా వినవచ్చు అంది అప్పీలు ట్రిబ్యునల్. 2013లో యజమానుల కోసం ఇక్కడి ఉద్యోగ హక్కుల చట్టంలో 111ఏ సెక్షన్ తెచ్చారు. మామూలు అన్యాయపు తొలగింపు కేసుల్లో, వివాదం మొదలు కాకపోయినా అలాంటి చర్చలు బయటపెట్టకూడదు. వివక్ష కేసులకు ఆ రక్షణ లేదు. యజమాని అనుచితంగా ప్రవర్తించినా అది సడలుతుంది. రాతపూర్వక ప్రతిపాదనపై ఆలోచించుకోవడానికి కనీసం 10 రోజులు ఇవ్వాలని ఏకాస్ (ఉద్యోగ వివాదాల్లో సలహా, రాజీ చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) నియమావళి చెబుతుంది. మీ మిత్రుడికి ఇచ్చింది శని, ఆదివారాలు!

కంప్లయింట్ల కమిటీలో ఒకరు:
గోప్యతంతా ఒక రకం కాదండి. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో 16వ సెక్షన్ ఫిర్యాదు వివరాలు బయటకు పొక్కకుండా చూస్తుంది. అది ఫిర్యాదుదారు పరువు కోసం. అదే చట్టం 10వ సెక్షన్‌లో, డబ్బు చెల్లింపు ఆధారంగా రాజీ కుదర్చకూడదని కూడా ఉంది. హెచ్‌ఆర్ మెయిల్‌ను దీనితో పోల్చలేం.

నల్లకోటు:
వివాదం అప్పటికి ఉందా అన్న ప్రశ్న సరైనదే, అది నేను కాదనను. ఆ శుక్రవారానికి ముందు షోకాజ్ నోటీసు గానీ, జవాబు గానీ ఉన్నాయా? లేకపోతే ‘రాజీ’ అన్న మాటే నిలబడదు. నేనైతే మెయిల్‌ను, కంపెనీ తప్పు ఒప్పుకుందని చూపడానికి కాకుండా, రాజీనామా ఏ పరిస్థితిలో వచ్చిందో చూపడానికి పెడతాను. మూడు నెలల అంకె కొట్టేస్తాను.

పాత యూనియన్ మనిషి:
అంకె కొట్టండి, అభ్యంతరం లేదు. సోమవారం పది గంటలన్న గడువు మాత్రం చెరపకండి.

మెట్రో ప్రయాణికుడు:
నోటీసు ఏదీ లేదండి. అంతకు ముందు నెలలోనే జీతం పెంచిన ఉత్తరం ఉంది. రెండూ లాయరుకు పంపిస్తున్నాం.