“సీసీ తీసుకున్నారా?” దేని గురించి?

ప్రశ్న (ఒంగోలు): “సీసీ తీసుకున్నారా?” అని ఒక్క ముక్క మెసేజ్ వస్తే ఏమని అర్థం చేసుకోవాలి? రోడ్డు, కెమెరా, బండి సంగతి తెలుసు. మిగతావి చెప్పండి.

కావలి, దస్తావేజు లేఖరి: అన్నా, రిజిస్ట్రారాఫీసు దగ్గర అడిగితే సర్టిఫైడ్ కాపీ. ఈసీ, సీసీ అని జంటగా అంటారు గానీ రెండూ వేరు. ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా ఈసీ. ఒక దస్తావేజుకు ఆఫీసు వాళ్లు ధ్రువీకరించి ఇచ్చే నకలు సీసీ. దీనికి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారాఫీసో చెప్పాలి. నంబరు తెలియకపోతే ముందు ఈసీ తీయించి అందులో చూసుకోవాలి. 1983కు ముందు లావాదేవీలైతే ఆన్‌లైన్‌లో రావు, ఆఫీసుకే వెళ్లాలి. “సీసీ కాపీ” అని కొందరు అంటారు, ఏటీఎం మెషీన్ లాగా!

నెల్లూరు, కోర్టు గుమస్తా: కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేసు. స్టేషన్లో ఎఫ్ఐఆర్‌కు పడేది క్రైం నంబరు. ఛార్జిషీటు పడి, మేజిస్ట్రేటు విచారణకు తీసుకున్నాక వచ్చేది సీసీ నంబరు. క్రైం నంబరునే సీసీ నంబరనుకుని వాయిదా వెతికితే వేరేవాళ్ల కేసు తగులుతుంది. హైకోర్టులో మాత్రం సీసీ అంటే కోర్టు ధిక్కరణ కేసు. తీర్పు నకలూ సీసీయే కాబట్టి “ఆ సీసీలో సీసీకి వేశారా?” అని అడిగినా మాకు తికమక లేదు.

నెల్లూరు, మిల్లు లెక్కలు చూసేవారు: మా దగ్గర సీసీ అంటే క్యాష్ క్రెడిట్, సరుకు చూపించి బ్యాంకు నుంచి అవసరమైనప్పుడల్లా వాడుకునే అప్పు. లిమిట్ 30 లక్షలని మొత్తం వాడుకోవచ్చనుకుంటే పొరపాటే. సరుకు 40 లక్షలది ఉండి, అందులో 10 లక్షలది ఇంకా డబ్బు కట్టని బాకీ సరుకైతే మిగిలేది 30. దాంట్లో మన వాటాగా మార్జిన్ 25 శాతం తీసేస్తే డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా వాడుకోగలిగేది 22.5 లక్షలే. వడ్డీ మాత్రం వాడుకున్న దాని మీదే పడుతుంది. స్టాకు స్టేట్‌మెంటు సకాలంలో ఇవ్వకపోతే చెక్కులు ఆగిపోవచ్చు.

ఒంగోలు, నర్సు: సూదిమందులో 1 సీసీ అంటే 1 ఎంఎల్. కానీ చీటీలో ఇంగ్లిషు అక్షరాలతో గబగబా రాస్తే రెండు సున్నాల్లా కనబడతాయి. అందుకే ఎంఎల్ అని రాయడం మేలు. ఇన్సులిన్‌కు అసలు సీసీ లెక్క వద్దు, యూనిట్లే చెప్పాలి. 40 రకం (ఎంఎల్‌కు 40 యూనిట్లుండే) సీసాలో అర సీసీ అంటే 20 యూనిట్లు, 100 రకంలో 50. సిరంజీ మూత ఎరుపైతే 40 రకానికి, నారింజ రంగైతే 100 రకానికి.

కందుకూరు, తెలుగు మాస్టారు: ముందు అంకె ఉంటే కొలత. వెనక నంబరుంటే కేసు, లిమిట్ ఉంటే బ్యాంకు. వెనక “గారు” ఉంటే మనిషి: కలెక్టరు దగ్గర క్యాంప్ క్లర్కు, పొదుపు సంఘాల్లో కమ్యూనిటీ కోఆర్డినేటరు. కొలతకు పాఠ్యపుస్తకంలో ఘ.సెం.మీ. అని ఉంది గానీ, 100 ఘ.సెం.మీ. బండి అని అడిగినవాణ్ణి షోరూములో వింతగా చూస్తారు. పద్యం పక్కన ఒక్క “సీ.” కనబడితే అది సీసం, దీంతో చుట్టరికం లేదు. ఇక మీ మెసేజ్‌లో ముందూ లేదు, వెనకా లేదు. పంపినవారు ఎవరో చెప్పండి.

ఒంగోలు: మిల్లు యజమాని, సార్.

మాస్టారు: అయితే బ్యాంకుదే అయ్యుండాలి. స్థలం కొనే పనిలో లేరుగా?