షాపు సిస్టంలో ఈ ఏఐ బటన్లన్నీ బంద్ చేసే దారి ఏమైనా ఉందా?

నల్లగొండ డీటీపీ అడిగిన ప్రశ్న:

అన్నలూ, జర సాయం చేయండి. నల్లగొండలో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర మాది డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. పాత సిస్టంలో విండోస్ 10 ఉండేది. దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, జనాల ఆధార్లు, బ్యాంకు కాగితాలు చూసే సిస్టంని అట్లా నడపడం మంచిది కాదని విండోస్ 11 హోమ్ ఉన్న లాప్‌టాప్ తీసుకున్నాను. 8 జీబీ ర్యామ్. మెషిన్ స్పీడ్‌గానే ఉంది, దాని మీద కంప్లయింట్ లేదు. లొల్లి అంతా ఈ ఏఐతోనే.

కింద టాస్క్‌బార్‌లో కోపైలట్ అనే మైక్రోసాఫ్ట్ ఏఐ. కీబోర్డులో కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ, వేలు తగిలితే చాలు కిటికీ తెరుచుకుంటుంది. ఎడ్జ్‌లో ఒక బటన్, పెయింట్‌లో ఒక బటన్. పాస్‌పోర్ట్ ఫొటో మీద రైట్ క్లిక్ చేస్తే ఆ లిస్టులో కూడా ‘ఏఐ యాక్షన్స్’. ఆఖరికి నోట్‌ప్యాడ్‌ని కూడా వదల్లేదు. అందులో ఏమీ లేదనే కదా ఇన్నేళ్లూ మనం దాన్ని వాడింది!

మేం తెలుగు కొట్టేది అను ఫాంట్లలో. ఈ పని చేసేవాళ్లకు తెలుసు, అను మ్యాటర్‌ని వేరే చోట పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ గుర్తుల్లా కనిపిస్తుంది. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మ్యాటర్‌ని కన్వర్టర్‌లో వేసి, అనులోకి మార్చి, నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుని, అక్కడి నుంచి పేజీలు సెట్ చేసే పేజ్‌మేకర్‌లోకి తీసుకెళ్తాం. ఇప్పుడు నోట్‌ప్యాడ్‌కి స్పెల్ చెక్ కూడా తగిలించారు కాబట్టి పేజీ పొడుగునా ఎర్రగీతలు, పైన మళ్లీ రాసిపెట్టాలా అని ఒక బటన్. అది సేల్ డీడ్‌లో హద్దుల పేరా అయ్యా! తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి బాట అనేది దాన్ని తిరగరాయమని ఎవరడిగారు? అందులో ఒక్క మాట మారితే అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు.

నా డౌట్లు మూడు. వీటిలో ఏవి పూర్తిగా తీసేయొచ్చు? స్క్రీన్ మీద కనిపించిందల్లా ఫొటోలు తీసి దాచుకుంటుందని ఒకటి విన్నాను, అది నా సిస్టంలో ఉందా? ఉంటే మాత్రం కస్టమర్లకు నేనేం జవాబు చెప్పాలి! ఇక మూడోది, తీసేసినవి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ వస్తాయా? లాప్‌టాప్ అమ్మినతన్ని అడిగితే “అలవాటు చేసుకో అన్నా, అందరూ అదే వాడుతున్నారు” అన్నాడు.

మిర్యాలగూడ మిల్లు లెక్కలు రాసింది:

అన్నా, మీకు జవాబు చెప్పేంత టెక్నికల్ నాలెడ్జ్ నాకు లేదు గానీ నా కోపం కూడా ఇక్కడే కక్కేస్తా. ట్రాక్టర్ కొంటే డ్రైవర్‌ని కూడా అంటగట్టి పంపినట్టుంది వీళ్ల వ్యవహారం. నాకు ఎక్సెల్ చాలు. లారీ నంబర్, బస్తాలు, తేమ శాతం, తరుగు, ఇవి వేసుకుంటే నా పొద్దు గడుస్తుంది. సీజన్‌లో ధాన్యం లారీలు లైన్ కట్టి ఉంటే, నేను సెల్‌లో అంకె వేసే చోట పక్కన ఒక గుర్తు తేలుతుంటే దిమాక్ ఖరాబ్ అవుతుంది.

ఒకటి మాత్రం తెలుసుకోండి. ఆఫీస్ సబ్‌స్క్రిప్షన్ కట్టేవాళ్లకు 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ కోపైలట్‌ని అందులో కలిపేసి రేటు పెంచింది. ఏఐ లేకుండా పాత రేటుకే ‘క్లాసిక్’ ప్లాన్ ఉంది, కానీ అది క్యాన్సిల్ చేయబోతేనే కనిపించేలా పెట్టారని ఆస్ట్రేలియాలో వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ 2025 అక్టోబర్‌లో కోర్టుకు వెళ్లింది. దాదాపు 27 లక్షల మంది కస్టమర్ల విషయం అది. తర్వాత కంపెనీ అక్కడివాళ్లకు సారీ చెప్పి, డబ్బు వెనక్కిస్తామంది. మరి మనకు? మనం ఎవరూ అడగలేదు, వాళ్లెందుకు చెప్తారు.

పాలమూరు సిస్టం సర్వీస్ రాసింది:

ముందు మీ రెండో డౌట్ తీర్చేస్తాను, ఎందుకంటే మా షాపుకొచ్చేవాళ్లలో సగం మంది దాని గురించే టెన్షన్ పడుతున్నారు.

మీరు విన్నది ‘రీకాల్’ గురించి. దాన్ని 2024 మే 20న ప్రకటించారు. కొన్ని సెకన్లకొకసారి స్క్రీన్‌ని ఫొటో తీసి దాచి, తర్వాత వెతికితే చూపిస్తుంది. సెక్యూరిటీ తెలిసినవాళ్లు లోపల చూస్తే, ఆ సమాచారమంతా మామూలు డేటాబేస్ ఫైల్‌లో, ఎవరైనా తెరిచి చదువుకునేలా ఉంది. పెద్ద గొడవ అయ్యింది. జూన్ 18న రావాల్సింది ఆపేశారు. తర్వాత ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్షన్ తాళం పెట్టి, వేలిముద్రో ముఖమో చూపిస్తేనే తెరుచుకునేలా చేసి, యూజర్ తానుగా ఆన్ చేసుకుంటేనే పనిచేసేలా మార్చి, 2025 ఏప్రిల్‌లో వదిలారు. అది కూడా ‘కోపైలట్ ప్లస్’ అని అమ్మే మెషిన్లలోనే. వాటికి కనీసం 16 జీబీ ర్యామ్, 40 టాప్స్ స్పీడున్న ఎన్‌పీయూ (ఏఐ లెక్కలు చేసే ప్రత్యేక చిప్) ఉండాలి. మీది 8 జీబీ కాబట్టి మీ దాంట్లో లేదు, ఫికర్ చేయకండి. ఎవరికైనా అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ‘రీకాల్ అండ్ స్నాప్‌షాట్స్’ అనే వరుస ఉందేమో చూసుకోండి, ఉంటే ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాళ్లయితే దీన్ని నమ్మక, 2025 మేలో తమ విండో ఆ ఫొటోల్లో పడకుండా అడ్డం పెట్టుకున్నారు. నా ఉద్దేశంలో అదే కరెక్ట్. మీ షాపు లాంటి చోట మెషిన్ ఉన్నవాళ్లు దీన్ని ఆన్ చేయకూడదు, అంతే, వేరే చర్చ లేదు.

ఇక మొదటి డౌట్. కోపైలట్ ఇప్పుడు మామూలు యాప్ లాంటిదే. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పక్కన మూడు చుక్కలు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి, పోతుంది. నోట్‌ప్యాడ్‌లో కుడివైపు పైన పళ్లచక్రం గుర్తు ఉంటుంది, అందులో ఏఐ స్విచ్, స్పెల్ చెక్, ఆటోకరెక్ట్ మూడూ ఆపేయండి. ముఖ్యంగా ఆటోకరెక్ట్, అను మ్యాటర్‌లో చేత్తో ఏదైనా సరిచేసేటప్పుడు అది చేయి పెడితే కష్టం. రైట్ క్లిక్‌లో వచ్చేదానికి సెట్టింగ్స్, యాప్స్, ‘యాక్షన్స్’ అని ఒక పేజీ ఉంది, అక్కడ ఫొటోస్, పెయింట్ ఆఫ్ చేయండి. లిస్టులో పేరు ఖాళీగా మిగిలినా పట్టించుకోకండి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, కోపైలట్, ‘ఎనేబుల్’ టిక్ తీసేయాలి. పెయింట్‌లో బటన్‌ని చూసీ చూడనట్టు వదిలేయడమే.

చూశారుగా, ఒక్కోటి ఒక్కో మూల దాచారు. ఆపిల్ కూడా తక్కువది కాదు, 2025 జనవరిలో వచ్చిన మ్యాక్ అప్‌డేట్‌తో ఆపిల్ ఇంటెలిజెన్స్‌ని దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టింది. కానీ అక్కడ సెట్టింగ్స్‌లో పైన ఒక పెద్ద స్విచ్ ఉంది, ఆఫ్ చేస్తే చాలావరకు ఆగిపోతుంది. విండోస్‌లో అట్లాంటి ఒక్క స్విచ్ పెట్టడానికి వీళ్లకు ఏం రోగమో తెలియదు. విండోస్ ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అని సిస్టం రూల్స్ పెట్టే టూల్ ఉంటుంది, దాంతో కొన్ని ఒకేచోట ఆపొచ్చు. హోమ్‌లో అది ఉండదు. డబ్బు పెట్టి హోమ్ కొన్నవాడికే తిప్పలు ఎక్కువ.

కీ సంగతి. అది నిజానికి విండోస్, షిఫ్ట్, ఎఫ్23 మూడూ కలిపి నొక్కినట్టు సిగ్నల్ పంపుతుంది. అందుకే పవర్‌టాయ్స్ అనే ఫ్రీ టూల్‌లో కీబోర్డ్ మేనేజర్ తెరిచి, ఆ మూడింటినీ వేరే కీకి మార్చుకోవచ్చు. కుడి కంట్రోల్‌గా పెట్టుకుంటే నొక్కి పట్టుకున్నప్పుడు ఒక్కోసారి సరిగా పనిచేయదు, మెనూ కీగా పెట్టుకోవడం మేలు.

మూడో డౌట్‌కి జవాబు, వస్తాయి. 2025 అక్టోబర్ నుంచి ఆఫీస్ ఉన్న మెషిన్లలో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ యాప్‌ని ఆటోమేటిగ్గా ఎక్కిస్తామని కంపెనీయే ప్రకటించింది, యూరప్ దేశాలకు మాత్రం మినహాయింపు. అక్కడ చట్టం గట్టిది. ఎడ్జ్ బ్రౌజర్‌నే పీకేసుకునే వీలు వాళ్లకుంది, మనకు లేదు. ఒక తమాషా కూడా చెప్పాలి, 2025 మార్చి అప్‌డేట్‌లో పొరపాటున కొన్ని సిస్టముల్లో కోపైలట్ దానంతటదే అన్‌ఇన్‌స్టాల్ అయిపోయింది. జనం దాన్ని బగ్ అనకుండా పండుగ చేసుకున్నారు. పెద్ద అప్‌డేట్ వచ్చాక ఒకసారి ఇవన్నీ తిరిగి చూసుకోండి. యూట్యూబ్‌లో దొరికే ‘ఒక్క క్లిక్‌తో ఏఐ మొత్తం మాయం’ స్క్రిప్టులు మాత్రం షాపు మెషిన్‌లో వేయకండి. అవి ఏం పీకుతాయో, ఏం పెడతాయో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు.

వనపర్తి లెక్చరర్ రాసింది:

అందరూ తిడుతున్నారు కాబట్టి రెండో పక్క కూడా వినండి. స్నిప్పింగ్ టూల్‌లో ఫొటోలోని ఇంగ్లిష్ అక్షరాలను కాపీ చేసుకునే సౌకర్యం వచ్చింది కదా, స్కాన్ చేసి పంపిన సర్క్యులర్లను నేను మళ్లీ టైప్ చేయకుండా దాంతోనే లాగుతున్నాను. మాటలను తెర మీద అక్షరాలుగా చూపించే లైవ్ క్యాప్షన్స్ వల్ల చెవులు సరిగా వినపడని మా స్టూడెంట్ ఒకమ్మాయి ఇంగ్లిష్ వీడియో పాఠాలు చూడగలుగుతోంది. ఇవీ ఆ కోవలోవే. మొత్తానికి మొత్తం పీకేయాలనడం తొందరపాటు.

ఇంకోటి, నోట్‌ప్యాడ్‌లో ఆ బటన్ ఉన్నంత మాత్రాన మీరు రాసింది ఎక్కడికో పోతోందని భయపడనక్కర్లేదు. ఎంపిక చేసి ఆ బటన్ నొక్కితేనే వెళుతుంది.

నల్లగొండ డీటీపీ:

సార్, మీ మాట కాదనను. ఆ ఇంగ్లిష్ కాపీ సంగతి నాకు తెలియదు, రేపే వాడతాను. కానీ లైవ్ క్యాప్షన్స్ కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని ఆన్ చేసుకుంటారు, అది మీ మీద పడదు. నాది ఆ బాధే. ఇంకా ఒక మాట, బటన్ నొక్కితేనే పోతుంది అన్నారు, షాపులో నేనొక్కణ్ని కూర్చోను కదా. మా దగ్గర పనిచేసే పిల్లలకు మెరిసే బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండరు. ఆ టైంకి తెర మీద ఎవరి వీలునామా ఉంటుందో!

దేవరకొండ లైనక్స్ రాసింది:

అన్నా, ఇంత కష్టం ఎందుకు, విండోస్ తీసేసి దాని బదులు లైనక్స్ మింట్ వేసుకో. కోపైలట్ లేదు, యాడ్స్ లేవు, అప్‌డేట్ నువ్వు చెప్పినప్పుడే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాంట్లో ఉంది, లిబ్రేఆఫీస్ ఫ్రీ. నా పాత లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌తో నడుస్తోంది.

నల్లగొండ డీటీపీ:

తమ్ముడూ, అను, పేజ్‌మేకర్ దాంట్లో ఎక్కించు, నేను ఈ సాయంత్రమే మారిపోతా. ఆధార్ వేలిముద్ర మెషిన్‌ని నడిపే ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్ కూడా నడవాలి. స్కానర్ కూడా. నా చేతులు ఇరవై ఏళ్ల నుంచి అనులో తెలుగు కొట్టే ‘ఆపిల్’ అనే కీబోర్డు లేఅవుట్‌కి అలవాటుపడ్డాయి, ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటూ కూర్చుంటే బయట లైన్‌లో ఉన్నవాళ్లు పక్క షాపుకు పోతారు.

దేవరకొండ లైనక్స్:

ఒప్పుకుంటున్నా అన్నా, అను, ఆర్‌డీ సర్వీస్ దగ్గర లైనక్స్‌తో తిప్పలే. అయితే ఆ పాత విండోస్ 10 సిస్టంని పారేయకు. ఇళ్లలో వాడేవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించారు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర దానికి చేరే లింక్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. అప్‌డేట్లు వేసుకునేటప్పుడు తప్ప నెట్ తీసేసి, డీడ్లు టైప్ చేయడానికి దాన్నే వాడుకో. కొత్తది ఆన్‌లైన్ పనులకు ఉంచుకో. పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ.

నల్లగొండ డీటీపీ:

ఇది బాగుంది. డీడ్ల పని పాతదానికే మారుస్తా. పాలమూరు అన్న చెప్పినవన్నీ చేశాను, కోపైలట్ పోయింది, నోట్‌ప్యాడ్ మళ్లీ నోట్‌ప్యాడ్ అయింది. కీని మెనూగా మార్చుకున్నా. ఒకటి మిగిలింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్ల పక్కన మబ్బు గుర్తు, ఆకుపచ్చ టిక్కులు కనిపిస్తున్నాయి. ఇది కూడా ఏఐ పనేనా?

పాలమూరు సిస్టం సర్వీస్:

ఏఐ కాదు గానీ నన్నడిగితే దానికంటే ఇదే ముందు చూసుకోవాల్సింది. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ అవుతోంది, అంటే కస్టమర్ల కాగితాలు మీ అకౌంట్ పేరుతో ఇంటర్నెట్‌లోకి ఎక్కుతున్నాయి. లాప్‌టాప్ మొదటిసారి సెట్ చేసినప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తే ఇది ఆన్ అయిపోతుంది, సాధారణంగా అమ్మినవాళ్లే సెట్ చేసి ఇస్తారు. ముందు ఆ ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి, ఇది మర్చిపోవద్దు, లేకుంటే బ్యాకప్ ఆపాక ఫోల్డర్ ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. తర్వాత కింద గడియారం పక్కన మబ్బు గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘సింక్ అండ్ బ్యాకప్’, ‘మేనేజ్ బ్యాకప్’, అక్కడ డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ మూడూ ఆఫ్ చేయండి. ఆ తర్వాత బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అక్కడున్న కాపీలు, రీసైకిల్ బిన్‌తో సహా తీసేయండి. ఏదైనా అడ్డం తగిలితే స్క్రీన్‌షాట్ పెట్టండి, కస్టమర్ పేర్లు కనిపించకుండా చూసుకుని.