అప్‌డేట్: గ్రెనడా హోమ్స్‌లోనూ, డాక్టర్ హూలోనూ ఉన్న నటులు

జెరెమీ బ్రెట్ షెర్లాక్ హోమ్స్‌గా చేసిన గ్రెనడా టీవీ సిరీస్‌లోని నటులు బీబీసీ సైన్స్ ఫిక్షన్ సిరీస్ డాక్టర్ హూలో ఎవరెవరున్నారని అడిగాను కదా. మీ జవాబులు సరిచూసుకున్నాక తేలింది ఇదీ.

ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌గా చేసిన కాలిన్ జీవన్స్ పక్కా. 1967 నాటి డాక్టర్ హూ కథ 'ది అండర్‌వాటర్ మెనేస్'లో అట్లాంటిస్ వైద్యుడు డేమన్ ఆయనే. ఆ కథ నాలుగు భాగాల్లో 2, 3 రికార్డింగులు మాత్రమే మిగిలాయి, కాబట్టి వెతికేవాళ్లు రెండోదాంతో మొదలుపెట్టండి. ఇన్‌స్పెక్టర్ బ్రాడ్‌స్ట్రీట్‌గా చేసిన డెనిస్ లిల్ అయితే రెండుసార్లు వచ్చాడు: 1977లో డాక్టర్ ఫెండెల్‌మన్, 1984లో 'ది అవేకనింగ్'లో సర్ జార్జ్. సర్ జార్జ్ పిచ్చి ముదిరే తీరు చూసి తీరాలి!

డాక్టర్ హూలో డాక్టర్‌గా చేసిన టామ్ బేకర్ పేరు మాత్రం ఈ జాబితాలోకి రాదు. ఆయన హోమ్స్‌గా చేసింది 1982 నాటి బీబీసీ 'బాస్కర్‌విల్స్'లో, గ్రెనడాలో కాదు. డాక్టర్ హూలో డాక్టర్ సహచరి లిజ్ షా పాత్రధారిణి కరోలిన్ జాన్ కూడా ఆ 'బాస్కర్‌విల్స్'లోనే లారా లయన్స్ పాత్ర చేసింది. హోమ్స్‌గానూ చేసిన పీటర్ కుషింగ్‌దీ వేరే లెక్కే: 1965, 66 డాక్టర్ హూ సినిమాల్లో ఆయన చేసిన డాక్టర్ పాత్ర మామూలు మనిషి, టీవీ సిరీస్‌తో కలపకూడదు.