సమస్య: చప్పుడాగఁగానె చావు వచ్చె

నిర్వాహకుడు: 'డూడుల్‌బగ్' అర్థం చెడకుండా పూరించండి. 1944 జూన్ 13న లండనుపై మొదట పడ్డ జర్మన్ల ఎగిరే బాంబు వీ-1కు అక్కడి జనం పెట్టిన పేరది.

యతిమిత్ర:
పైన మోగు వరకు భయమేమియును లేదు
లండనందు జనులు లయ వినంగ
ముక్కు చక్ర మచట ముగియించ లెక్కను
చప్పుడాగఁగానె చావు వచ్చె

గణగంభీర: ముక్కు చక్రం భేష్. గాలికి తిరిగే ఆ చిన్న పంకాయే దూరం లెక్కపెట్టేది. లెక్క పూర్తవగానే తోక పలకలు బాంబును కిందికి వంచేవి, ఆ కుదుపుకి పెట్రోలు అందక ఇంజను ఆగేది. అది తయారీలో లోపమే గాని ఉద్దేశం కాదు. తర్వాత సరిచేశారు, మోగుతూనే పడ్డాయి. కానీ 'లయ' ఏమిటండీ? ఆ ఇంజనులో సెకనుకు 45కు పైగా పేలుళ్లు! అది రొద.

యతిమిత్ర: రొద పెడితే యతి మీరు తెచ్చిస్తారా?

గణగంభీర:
రెక్క కింద రెక్క చక్కఁగాఁ జొప్పింప
గాలి తాకి బాంబు గతియె మారె
కెంటు చేల నదియె కెడసెను దానికి
చప్పుడాగఁగానె చావు వచ్చె

నిర్వాహకుడు: లండను దారిలోని కెంటు పొలాల్లో చావు బాంబుకే! ఈ వారం విరుపు ఇదే.

యతిమిత్ర: విరుపు సరే, వరుస తప్పింది. బాంబును మళ్లించే బ్రిటిషు విమానం రెక్క దాని రెక్కను తాకనక్కర్లేదు, కొన్ని అంగుళాల కింద ఉంటే చాలు, గాలే ఎత్తేస్తుంది. బాంబును నిలకడగా నడిపే జైరో అదుపు తప్పి బాంబు పల్టీ కొడుతుంది. అప్పుడు ఇంజను ముందే ఆగి తీరాలని లేదు. నేలను గుద్దాకే ఆగితే 'చావు రాగానె చప్పుడాగె' అనాలి. పోయినవారం ఏనుగు పూరణలోనూ తొండానికి ముందే ఘీంకారం పెట్టారు.

గణగంభీర: ఆ ఏనుగుకి మెచ్చుకోలు రాసిందీ తమరే.

కొత్తపద్యం:
హేగు నుండి లేచి యిట్టె లండను చేరి
నింగి నుండి రాకెటు నేల కూలె
డూడులనుచు జనులు డోలాయమానులై
చప్పుడాగఁగానె చావు వచ్చె

గణగంభీర: 'రాకెటు' భగణం, అక్కడ సూర్యగణం పడాలి. 'నింగి నుండి యదియె నేల కూలె' అనండి.

యతిమిత్ర: గణం కుదిరినా అర్థం కుదరదు. నెదర్లాండ్స్‌లోని హేగు నుంచి లేచింది జర్మన్ల రాకెట్టు వీ-2. ధ్వనికంటే వేగం దానిది. ముందు పేలుడు, ఆ తర్వాతే రాకెట్టు హోరు. ఆగడానికి ముందు చప్పుడంటూ వినపడాలి కదా! డూడుల్‌బగ్ అన్న పేరు వీ-1దే.

కొత్తపద్యం: మూడో పాదం యతి బాగుందా?

గణగంభీర: అదొక్కటే బాగుంది.