మల్టీ-గిట్టర్‌తో 140 రెపోల్లో ఒకే మార్పు: కొన్నిట్లో పుష్ ఆగిపోతోంది

ప్రశ్న: గిట్‌హబ్ ఆర్గ్‌లో (సంస్థ ఖాతాలో) 140 రెపోలు (కోడ్ ఉంచే చోట్లు) ఉన్నాయి. వర్క్‌ఫ్లో ఫైళ్లలో (ఆటోమేటిక్‌గా జరగాల్సిన పనులు రాసే ఫైళ్లు) కోడ్‌ను తెచ్చే చెక్‌అవుట్ యాక్షన్‌ను వీ3 నుంచి వీ4కి మార్చాలి. పైథాన్ స్క్రిప్ట్ రాసి, మల్టీ-గిట్టర్‌తో నడిపాను (ఒకే స్క్రిప్ట్‌ను చాలా రెపోల్లో నడిపి, మార్పులకు పుల్ రిక్వెస్టులు, అంటే పీఆర్‌లు తెరిచే టూల్). కొన్ని రెపోల్లో స్క్రిప్టే దొరకలేదంటోంది, మిగతావాటిలో పుష్ (మార్పుల్ని గిట్‌హబ్‌కు పంపడం) తిరస్కరిస్తోంది. ఎక్కడ చూడాలి?

జవాబు 1: రెండూ వేర్వేరు సమస్యలు. స్క్రిప్ట్ నడిచేది మీ ఫోల్డర్‌లో కాదు, క్లోన్ అయిన ఒక్కో రెపో లోపల. అందుకే స్క్రిప్ట్‌కు పూర్తి పాత్ ఇవ్వండి. ఇక పుష్ సంగతి: వర్క్‌ఫ్లో ఫైళ్లను ముట్టుకోవాలంటే టోకెన్‌కు (టూల్ గిట్‌హబ్‌లోకి వెళ్లే కీ) 'రెపో' స్కోప్ (అనుమతి) ఒక్కటే చాలదు, 'వర్క్‌ఫ్లో' స్కోప్ కూడా ఉండాలి. ముందు రెండు మూడు రెపోలతో డ్రై-రన్ (నిజంగా పుష్ చేయకుండా) చేసి చూడండి, ఆ తర్వాతే ఆర్గ్ మొత్తం.

జవాబు 2: పైదానికి తోడు, స్క్రిప్ట్ సరిచేసి మళ్లీ నడిపినప్పుడు ముందుసారి మార్పులు పెట్టిన బ్రాంచ్ (కోడ్‌లో విడి శాఖ) అప్పటికే ఉంటే టూల్ ఆ రెపోను వదిలేస్తుంది. 'కాన్‌ఫ్లిక్ట్-స్ట్రాటజీ' సెట్టింగ్‌ను 'రీప్లేస్'గా పెట్టండి. కానీ అది ఫోర్స్ పుష్, అంటే పాతదాన్ని తీసేసి కొత్తది పెడుతుంది. ఎవరైనా ఆ బ్రాంచ్‌లో కమిట్లు పెట్టి ఉంటే పోతాయి, ముందే చెప్పండి.

కాంకరెంట్ విలువ (ఒకేసారి ఎన్ని రెపోల్లో పని జరగాలో) అనవసరంగా పెంచొద్దు. పీఆర్‌లు తెరవడం లాంటి పనులకు గిట్‌హబ్ సాధారణంగా నిమిషానికి 80, గంటకు 500 రిక్వెస్టులే ఒప్పుకుంటుంది. రివ్యూ కోరడం, కామెంట్లు కూడా అందులోకే వస్తాయి.

ప్రశ్న వేసినవారు: వర్క్‌ఫ్లో స్కోప్ ఇవ్వగానే పుష్ అయింది. పీఆర్‌లను అసలు కోడ్‌లో కలపడం (మెర్జ్) కూడా మల్టీ-గిట్టర్‌తోనే చేయొచ్చా?

జవాబు 1: చేయొచ్చు. అదే బ్రాంచ్ పేరుతో ముందు 'స్టేటస్' కమాండ్, తర్వాత 'మెర్జ్' కమాండ్ నడపండి. చెక్‌లు పాసైన పీఆర్‌లే మెర్జ్ అవుతాయి.