నునుపు కండరమా, టెండానా? స్లైడ్ చూసి తేల్చడం ఎలా?

ప్రశ్న (శ్రీకాకుళం, బి.ఎస్సీ. జువాలజీ):
ప్రాక్టికల్స్‌కి స్పాటర్లు (చూసి గుర్తుపట్టాల్సిన స్లైడ్లు) చూస్తున్నాను. హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేసిన) స్లైడ్‌లో గులాబీ పోగులు, నడుమ ఊదా కేంద్రకాలు. 10ఎక్స్‌లో నునుపు కండరం (పేగు గోడలాంటి చోట్ల ఉండే, చారలు లేని కండరం), టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఒకేలా ఉన్నాయి. కండరం అడ్డకోతలో చాలా కణాలకు కేంద్రకమే కనబడట్లేదు. స్లైడ్ పాడైందా సార్?

జవాబు 1 (విజయనగరం, హిస్టాలజీ):
స్లైడ్ బాగానే ఉందమ్మా. నూలు నిండిన పొందూరు కదురు తలచుకో: నడుము లావు, కొనలు సన్నం. నునుపు కండర కణం అచ్చంగా అదే ఆకారం. ఒకదాని నడుము పక్కన ఇంకోదాని కొన వచ్చేలా ఒత్తుగా సర్దుకుంటాయి. అడ్డంగా కోస్తే పెద్దవీ చిన్నవీ కలగలిసిన చుక్కలు వస్తాయి. పేగులో కణం పొడవు దాదాపు 200 మైక్రాన్లు, సెక్షన్ మందం 5 మైక్రాన్లే. కేంద్రకం నడుములోనే ఉంటుంది కాబట్టి కత్తి అక్కడ పడిన కొన్ని పెద్ద చుక్కల్లోనే కనబడుతుంది. నువ్వు లోపమనుకున్నదే అసలు గుర్తు.

నిలువుకోతలో రంగును నమ్మకు. 40ఎక్స్ పెట్టి కేంద్రకం పోగు లోపలుందా, పోగుల సందున ఉందా చూడు. కండరంలో లోపలే, పొగాకు చుట్టలా పొడవుగా, కొనలు గుండ్రంగా ఉంటుంది. కండరం ముడుచుకున్నప్పుడు ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్నదున్నట్టు స్థిరపరచి) ఉంటే కేంద్రకం మరమేకులా మెలి తిరుగుతుంది. టెండాన్‌లో కేంద్రకాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల సందున నలిగి, సన్నటి గీతల్లా వరుస కడతాయి.

జవాబు 2 (బొబ్బిలి):
గుండె కండరంలోనూ కేంద్రకం నడుమనే ఉంటుంది, అక్కడే ఎక్కువమంది తప్పు రాస్తారు. కండెన్సర్ ఐరిస్ (స్లైడ్ కింద వెలుతురును హెచ్చుతగ్గులు చేసే తెర) పూర్తిగా తెరిచి ఉంచితే వెలుతురు ఎక్కువై దాని అడ్డచారలు కనబడవు. ఐరిస్ కొంచెం మూసి, ఫైన్ ఫోకస్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చారలు, కొమ్మలుగా చీలిన పోగులు ఉంటే గుండె కండరమే.

చిన్నపేగు అడ్డకోత ఒక్కటి దొరికితే చాలు: లోపలి వలయ పొర పొడుగు పోగులుగా, బయటి నిలువు పొర చుక్కలుగా, రెండు కోతలూ ఒకే స్లైడ్‌లో కనబడతాయి.

ప్రశ్న అడిగినవారు:
నరం కూడా అలలు అలలుగానే ఉంటుంది కదా సార్?

జవాబు 1:
ఉంటుంది. కానీ నరపు పోగును చుట్టి ఉండే మైలిన్ పొరలోని కొవ్వు స్లైడ్ తయారీలో కరిగిపోయి, పోగుల వెంట నురగలాంటి తెల్లటి ఖాళీలు మిగులుతాయి. కట్ట చుట్టూ పెరిన్యూరియం తొడుగు కూడా ఉంటుంది. ఇంకా అనుమానముంటే మాసన్ ట్రైక్రోమ్ అనే రంగుల పద్ధతిలో చేసిన స్లైడ్ అడుగు: కండరం ఎర్రగా, కొల్లాజెన్ నీలంగానో ఆకుపచ్చగానో ఉంటుంది. వాన్ గీసన్ అనే ఇంకో రంగుల పద్ధతిలో మాత్రం కొల్లాజెనే ఎరుపు, కండరం పసుపు. అందుకే ముందు లేబుల్ చదువు.