అప్‌డేట్: బ్యాక్‌లాగ్ ఉందని నామినేషన్ కొట్టేశారు – పరిష్కారమైంది

పోయిన వారం నేను అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో మా విద్యార్థి సంఘం ప్రధాన కార్యదర్శి పదవికి వేసిన నామినేషన్‌ను "బ్యాక్‌లాగ్ (ఫెయిలై ఇంకా పాసవ్వని సబ్జెక్టు) ఉంది" అని స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో, తిరస్కరించారు, ఏం చేయాలి? ఇప్పుడు నామినేషన్ నిలబడింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది గ్రీవెన్స్ సెల్‌కు (ఎన్నికల ఫిర్యాదులు చూసే విభాగానికి) రాతపూర్వక ఫిర్యాదు ఇమ్మన్న సలహా. పోటీ చేసే సంవత్సరంలో బ్యాక్‌లాగ్ ఉండకూడదన్నదే విద్యార్థి సంఘాల ఎన్నికలకు నియమాలు సూచించిన లింగ్డో కమిటీ నిబంధన. పాసైపోయిన పాత సబ్జెక్టు అడ్డు కాదు. పొరపాటు ఎక్కడంటే, ఫారంతో జతచేసింది పాత సెమిస్టర్ మెమో. దాంట్లో ఫెయిల్ అలాగే ఉంటుంది. సప్లిమెంటరీ మెమో, పెండింగ్ సబ్జెక్టులు లేవని పరీక్షల విభాగం సంతకం, స్టాంపుతో ఇచ్చిన లెటర్ జతచేశాక ఒప్పుకున్నారు. ఫిర్యాదు రెండో కాపీ మీద తేదీ వేయించుకోవడం మాత్రం మరవొద్దు. చాలామంది స్క్రూటినీ దగ్గరే వదిలేస్తున్నారు, దయచేసి వదలకండి.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఇక్కడ అక్కరకు రాదు: దాని జవాబుకు 30 రోజుల గడువు, నామినేషన్ నుంచి ఫలితాల దాకా ఎన్నిక 10 రోజుల్లో అయిపోవాలి.

ఒక్కో అభ్యర్థికి ఎన్నికల ఖర్చు పరిమితి 5,000 రూపాయలు. ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆడిట్ లెక్కలివ్వాలి కాబట్టి బిల్లులు మొదటి రోజు నుంచే దాచండి.